కాల్‌సైన్‌కు కనీస వయసెందుకు? లైసెన్సు అధికారులకు, హామ్ క్లబ్బుల పెద్దలకు బహిరంగ లేఖ

మాన్యులకు,

నమస్కారాలు. ఈ లేఖ రెండు వర్గాల వారిని ఉద్దేశించి రాస్తున్నాను. హామ్ రేడియోకు, అంటే ఔత్సాహికులు సొంతంగా నడుపుకునే రేడియో స్టేషన్లకు, పరీక్షలు పెట్టి లైసెన్సులు ఇచ్చే అధికారులు మొదటివారు. పిల్లల లైసెన్సు మాట ఎత్తగానే "మరీ ఇంత చిన్నవాళ్ళకా?" అని పెదవి విరిచే నా తోటి హామ్‌లు రెండోవారు. అధికారుల అభ్యంతరం కనీస వయసు నిబంధన రూపంలో అచ్చులో ఉంటుంది కాబట్టి దానితో వాదించవచ్చు. క్లబ్బు పెద్దల అభ్యంతరం ఎక్కడా రాసి ఉండదు. ఒకసారి వచ్చిన పిల్లలు రెండోసారి రాకుండా చేసేది ఎక్కువగా అదే.

నా మాట సూటిగా చెబుతాను. పరీక్ష నెగ్గినవారికి లైసెన్సు, దానితోపాటు కాల్‌సైన్ (గాలిలో స్టేషన్‌ను గుర్తించే పిలుపు సంకేతం) ఇవ్వండి. పుట్టిన తేదీని అందులో అదనపు ప్రశ్నగా చేర్చకండి. పదేళ్ళ పిల్ల చేతికి ఎన్ని వాట్ల ట్రాన్స్‌మిటర్ ఇవ్వాలి, ఏయే బ్యాండ్లలో (ఫ్రీక్వెన్సీ శ్రేణుల్లో) అనుమతించాలి, ఆమె చిరునామా ఎవరెవరికి కనబడాలి అన్నవి నిజమైన ప్రశ్నలే. వాటికి జవాబు చెప్పవలసిందే. ఆ జవాబులు వెతికే ఓపిక లేక, వయసు పేరుతో ఒక గీత గీసి చేతులు దులుపుకోవడమే నాకు మింగుడుపడటం లేదు.

అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ల సమాఖ్య రేడియో నిబంధనలు అమెచ్యూర్ సేవను (హామ్ రేడియోకు అక్కడి పేరు అదే) నిర్వచిస్తూ మొట్టమొదట చెప్పే ప్రయోజనం స్వీయ శిక్షణ. ఆ తర్వాతే పరస్పర సంభాషణ, సాంకేతిక పరిశోధన. డబ్బు ఆశించకుండా, సొంత ఆసక్తితో రేడియో విద్యలో కృషి చేసే అనుమతి పొందిన వ్యక్తులకు ఉద్దేశించిన సేవ ఇది. దీనికి నియమాలు చెప్పే 25వ ఆర్టికల్, స్టేషన్ నడపదలచిన ఏ వ్యక్తికైనా తగిన నేర్పు, సాంకేతిక పరిజ్ఞానం ఉన్నాయో లేదో ప్రభుత్వాలు సరిచూసుకోవాలని అంటుంది. వయసు ప్రస్తావన అక్కడ లేదు. ఆ సంగతి ప్రతి దేశం తన ఇష్టప్రకారం తేల్చుకుంది. అమెరికాలో కనీస వయసే లేదు, అయిదారేళ్ళ పిల్లలు కూడా అక్కడ మొదటి మెట్టు అయిన టెక్నీషియన్ పరీక్ష నెగ్గారు. బ్రిటన్‌లో ఒకప్పుడు 14 ఏళ్ళ గీత ఉండేది, తర్వాత చెరిపేశారు. గీతలు చెరిపిన చోట ఆకాశమేమీ విరిగిపడలేదు.

ఈ మాట అనగానే నాకు వినిపించే మొదటి జవాబు ఇది: "పిల్లలను మాట్లాడవద్దని ఎవరన్నారు? లైసెన్సు ఉన్న పెద్దవాళ్ళ పక్కన కూర్చుని మాట్లాడవచ్చు కదా. వాళ్ళకంటూ వేరే లైసెన్సు ఎందుకు?"

నిజమే, చాలా దేశాల్లో ఆ వెసులుబాటు ఉంది. స్టేషన్ బాధ్యత లైసెన్సుదారుదే అయినప్పుడు, ఆయన ఎదుట మరొకరు మైకు పట్టుకోవచ్చు. అంతరిక్ష కేంద్రంలోని వ్యోమగాములతో బడి పిల్లలు మాట్లాడే కార్యక్రమాలు ఎక్కువగా ఇలాగే జరుగుతాయి. 2000 డిసెంబరులో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒక బడితో మొదలైన ఆ పరంపర ఇప్పటికీ సాగుతోంది. కేంద్రం నెత్తి మీదుగా దాటిపోయే పది నిమిషాల లోపు పిల్లలు వరసగా వచ్చి, తలా ఒక ప్రశ్న అడిగి, "ఓవర్" అని పక్కకు తప్పుకుంటారు. చూడముచ్చటగా ఉంటుంది. కాని మర్నాడు ఆ పిల్లల చేతిలో ఏముంటుంది? స్టేషన్ మరొకరిది, కాల్‌సైన్ మరొకరిది, లాగ్‌బుక్‌లో పేరు మరొకరిది. పిల్లలు అక్కడ అతిథులు. అతిథిగా వచ్చినవారికి ఇల్లు నడపడం అలవాటు కాదు.

నా దగ్గర యాంటెన్నా కట్టడం నేర్చుకున్న ఒక అమ్మాయి సంగతి చెబుతాను. అప్పటికి ఆమెకు పదకొండేళ్ళు. 10 మీటర్ల బ్యాండ్‌కు డైపోల్ (రెండు కొమ్మలుండే తీగ యాంటెన్నా) కట్టాలనుకున్నాం. 28.4 మెగాహెర్ట్జ్‌కు ఎంత తీగ కావాలో లెక్కకట్టమంటే, డైపోల్ పొడవు లెక్కకు వాడే 142.5 అనే అంకెను 28.4తో భాగించి అయిదు మీటర్లకు కాస్త పైన అని తేల్చింది. ముందుజాగ్రత్తగా ఇంకొంచెం పొడవు ఉంచి కట్టాం. అనలైజర్ తగిలించి చూస్తే అనునాదం (యాంటెన్నా బాగా పనిచేసే ఫ్రీక్వెన్సీ) 27.6 దగ్గర తేలింది. అంటే తీగ పొడవు ఎక్కువైంది. ఎంత తగ్గించాలి అని అడిగాను. రెండు ఫ్రీక్వెన్సీల నిష్పత్తి వేసి, ఒక్కో కొమ్మకు ఏడు సెంటీమీటర్లని చెప్పింది. కటింగ్ ప్లయర్ అందించబోతే తీసుకోలేదు. "కోసేస్తే మళ్ళీ అతకడం కష్టం, ముందు మడిచి చూద్దాం" అని, కొసలను వెనక్కి మడిచి తీగకే చుట్టి, మళ్ళీ కొలిచింది. దశాబ్దాలుగా ఈ వ్యాపకంలో ఉన్నవాళ్ళు కూడా ఆ ఓపిక లేక తీగ కోసేసి, తర్వాత తల పట్టుకోవడం నేను చూశాను.

ఆ యాంటెన్నా మీద ఆమె మాట్లాడిన మొదటి సంభాషణ నా కాల్‌సైన్‌తోనే జరిగింది. అవతలి స్టేషన్ నుంచి సంభాషణకు రుజువుగా వచ్చిన క్యూఎస్‌ఎల్ కార్డు మీద కూడా నా కాల్‌సైనే ఉంది. ఆ కార్డులో ఉన్నదంతా ఆమె కష్టం. పరీక్ష రాయడానికి మాత్రం వయసు చాలదన్నారు. ఇంతకీ ఇలాంటి పరీక్షల్లో ఏమి అడుగుతారు? 12 వోల్టుల బ్యాటరీకి 4 ఓంల నిరోధం కలిపితే ఎంత కరెంటు ప్రవహిస్తుంది, యాంటెన్నా పొడవుకూ ఫ్రీక్వెన్సీకీ సంబంధం ఏమిటి, ఏ బ్యాండ్‌లో ఏది నిషిద్ధం, ఇలాంటివే. చేతులతో చేసి చూపించిన పిల్లకు ఆ కాగితం రాసే అర్హత లేదట. చేసి ఎరుగని పెద్దమనిషికి ఉందట.

సొంత కాల్‌సైన్ ఉంటే ఏం మారుతుందో చూడండి. ప్రసారం మొదలుపెట్టే ముందు ఆ ఫ్రీక్వెన్సీలో ఎవరైనా ఉన్నారేమో వినాలి. తన పిలుపు సంకేతాన్ని నియమం ప్రకారం పలకాలి. అంతర్జాతీయ సమయంలో గంట, నిమిషం లాగ్‌లో రాసుకోవాలి. పొరపాటు జరిగితే సంజాయిషీ నోటీసు తన పేరునే వస్తుంది. బాధ్యత నేర్పాలని అందరం అంటాం. నేర్చుకోవడానికి ఆ బాధ్యత తమదై ఉండాలి కదా.

ఇక్కడ కాస్త చరిత్ర చెప్పనివ్వండి, మన వ్యాపకానికి అది గర్వకారణం కూడా. 1912లో అమెరికా చట్టం అమెచ్యూర్లను 200 మీటర్ల తరంగదైర్ఘ్యానికి, అంతకు తక్కువకు నెట్టేసింది. అవి దూర ప్రసారానికి పనికిరావని అప్పటి నమ్మకం. పనికిరాని చోటు కాబట్టే ఔత్సాహికులకు వదిలేశారు. ఆ చోటునే వాళ్ళు దున్నారు. 1923 నవంబరులో ఫ్రాన్స్, అమెరికా అమెచ్యూర్లు అట్లాంటిక్‌కు ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా కూర్చుని ఒకరితో ఒకరు సంభాషించారు. మరుసటి సంవత్సరం అక్టోబరు 18న లండన్‌లోని మిల్ హిల్ స్కూల్ నుంచి సెసిల్ గోయ్‌డర్ అనే కుర్రవాడు న్యూజీలాండ్‌లోని ఫ్రాంక్ బెల్‌తో మాట కలిపాడు. భూగోళం ఈ చివరి నుంచి ఆ చివరికి జరిగిన మొదటి ఇరువైపుల రేడియో సంభాషణ అది. అప్పటికి గోయ్‌డర్ 18 ఏళ్ళ బడి విద్యార్థి. "పద్దెనిమిది నిండాయి కదా, మరింకేం" అంటారేమో. పద్దెనిమిదో పుట్టినరోజున సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని, ఆ ఏడాదే న్యూజీలాండ్ అందుకున్నాడని ఎవరైనా అనుకుంటే నేను చేసేదేమీ లేదు. ఈ గోయ్‌డరే తర్వాత ఆకాశవాణికి చీఫ్ ఇంజనీరు అయ్యాడు.

మరొకరు జోసెఫ్ టేలర్. పల్సార్లనే వేగంగా తిరిగే నక్షత్రాల మీద పనికి 1993లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్న శాస్త్రవేత్త. బలహీన సంకేతాలతో దూరాలు అందుకునే ఎఫ్‌టీ8 పద్ధతిని 2017లో స్టీవ్ ఫ్రాంక్‌తో కలిసి తయారుచేసింది కూడా ఆయనే. చిన్నప్పుడు అన్నతో కలిసి ఇంటి పైకప్పు మీద పెద్ద పెద్ద యాంటెన్నాలు నిలబెట్టే క్రమంలో ఒకసారి ఇటుకల పొగగొట్టాన్ని పైకప్పు మట్టానికి విరగ్గొట్టేశారట. తల్లిదండ్రులు బెంబేలెత్తిపోయారని ఆయనే రాసుకున్నారు.

ఈ ఉదాహరణలను నేను వాడేది "లైసెన్సు ఇస్తే మీ పిల్లలకూ నోబెల్ వస్తుంది" అని ఊరించడానికి అనుకోకండి. ఆ తరహా ప్రచారం నాకు చిరాకు. లైసెన్సు తీసుకున్న పిల్లల్లో ఎక్కువమంది పెద్దయ్యాక వేరే పనుల్లో పడతారు, రేడియో అటక ఎక్కుతుంది. అదేమీ తప్పు కాదు. పొగగొట్టం సంగతి చెప్పడానికి కారణం వేరే ఉంది: ఇందులో ప్రమాదం ఉంది, లేదని నేను అనను.

ట్యూబులతో పనిచేసే పెద్ద యాంప్లిఫయర్ లోపల వేల వోల్టులుంటాయి. స్విచ్ ఆపేశాక కూడా కెపాసిటర్లు ఆ ఆవేశాన్ని పట్టుకుని కూర్చుంటాయి. యాంటెన్నా ఒరిగి కరెంటు తీగల మీద పడితే పట్టుకున్న మనిషి దక్కడు. టవరు ఎక్కడం, ఉరుముల వేళ తీగ ఊడదీయకపోవడం, ఎక్కువ శక్తితో ప్రసారం జరుగుతుండగా యాంటెన్నాను తాకడం, ఇవన్నీ నిజమైన ప్రమాదాలే. అయితే ఇవి పదేళ్ళవాళ్ళను ఎంత గాయపరుస్తాయో యాభై ఏళ్ళవాళ్ళనూ అంతే గాయపరుస్తాయి. పైగా 13.8 వోల్టులతో నడిచే అయిదు వాట్ల పెట్టె వేరు, 1500 వాట్ల స్టేషన్ వేరు. రెంటినీ ఒకే తాటికి కట్టి "రేడియో ప్రమాదకరం" అనడం వాదం అనిపించుకోదు.

"పిల్లలకు కారు నడిపే లైసెన్సు ఇస్తామా?" అని అడిగేవారికి కూడా ఇదే నా సమాధానం. కారుకు చిన్న వేగంతో, చిన్న బరువుతో మొదటి మెట్టు అంటూ ఏదీ లేదు, రోడ్డెక్కితే మొత్తం బండీ రోడ్డెక్కినట్టే. రేడియోలో మెట్లున్నాయి. వాటిని కట్టడం లైసెన్సు సంస్థలకు కొత్తా కాదు. 1951లో అమెరికా నోవిస్ లైసెన్సు పెట్టినప్పుడు క్రిస్టల్ కట్టడి (ఫ్రీక్వెన్సీని ఇష్టం వచ్చినట్టు మార్చే వీలు లేకపోవడం), 75 వాట్ల పరిమితి, నిమిషానికి అయిదు పదాల మోర్స్, ఏడాది గడువు. ఆ ఏడాదిలో పై మెట్టు ఎక్కాలి, లేదంటే దిగిపోవాలి. ఆ దారిన వచ్చిన బడి పిల్లలే ఆ తర్వాత రేడియో పరిశ్రమలో, ప్రయోగశాలల్లో కనిపించారు. బ్రిటన్ ఫౌండేషన్ లైసెన్సు 10 వాట్లతో మొదలై 2024లో 25 వాట్లకు పెరిగింది. జర్మనీ అదే ఏడాది 10 వాట్ల ప్రసార శక్తికి పరిమితమైన కొత్త ప్రవేశ తరగతి తెచ్చింది. శక్తిని కట్టడి చేయండి, బ్యాండ్లను కట్టడి చేయండి, యాంప్లిఫయర్ జోలికి పోవద్దనండి. భద్రతా నియమాల్లో ఒక్క ప్రశ్న తప్పినా మళ్ళీ రమ్మనండి. పిల్లలకే కాదు, ఆ చివరి షరతు పెద్దలకూ పెడితే నేను చప్పట్లు కొడతాను.

ఇక బట్టీ సంగతి. ఇది నా తోటి హామ్‌లు నొక్కి చెప్పే అభ్యంతరం, ఇందులో కొంత నిజమూ ఉంది. చాలాచోట్ల ప్రశ్నల సముదాయాన్ని ముందే ప్రచురిస్తారు. అమెరికా టెక్నీషియన్ పరీక్షలో 35 ప్రశ్నలు, 26 సరిగ్గా రాస్తే ఉత్తీర్ణత. ఆ సముదాయాన్ని ఒకటికి పదిసార్లు తిరగేస్తే అర్థం కాకపోయినా నెగ్గవచ్చు. పిల్లల జ్ఞాపకశక్తి మెరుగు కాబట్టి వాళ్ళకు అది ఇంకా తేలిక. "అతి పిన్న వయస్కుడైన హామ్" అన్న శీర్షిక కోసం పిల్లలను తోలే తల్లిదండ్రులను నేనూ చూశాను. ధ్రువపత్రంతో ఫొటో దిగుతారు, ఆ కాల్‌సైన్ మళ్ళీ గాలిలో వినబడదు. నాకు ఆ రికార్డుల పిచ్చి బొత్తిగా గిట్టదు. క్లబ్బులు, సంస్థలు అలాంటి శీర్షికలకు సన్మానాలు మానేస్తే సగం జబ్బు అక్కడే నయమవుతుంది.

కాని బట్టీ రోగానికి వయసు గీత మందెలా అవుతుంది? గీతకు ఇవతలి పెద్దవాళ్ళు బట్టీ పట్టడం లేదా? లైసెన్సు వచ్చాక మైకు ఎటు తిప్పి పట్టుకోవాలో తెలియని పట్టభద్రులను మీరు చూడలేదా? లోపం ప్రశ్నపత్రంలో ఉంటే ప్రశ్నపత్రాన్ని దిద్దండి. పది నిమిషాల ఆచరణ పరీక్ష పెట్టండి: ఒక రిసీవర్‌లో బ్యాండ్ వెతికి సంకేతం అందుకోమనండి, యాంటెన్నా తీగ బిగించమనండి, యాంటెన్నా ఎంతవరకు కుదిరిందో చూపే ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు చదవమనండి, ఉత్తుత్తి సంభాషణ ఒకటి నడిపించి లాగ్ రాయమనండి. ఇందులో బట్టీ పట్టడానికి ఏమీ లేదు.

ఆ ప్రశ్నల భాష కూడా ఒకసారి మీ చెవిన వేసుకోండి. ఫలానా నిబంధన ఫలానా ఉపనిబంధన ప్రకారం కిందివాటిలో ఏది సరికానిది కానిది అనే వాక్యం పదేళ్ళ పిల్లవాడిని ఓడిస్తుంది, నన్నూ ఓడిస్తుంది. అందులో పరీక్షకు వచ్చింది వాడి రేడియో జ్ఞానం కాదు. "నువ్వు మాట్లాడుతుండగా ఎవరో ఆపదలో ఉండి 'మేడే' అని పిలవడం వినిపించింది. ఏం చేస్తావు?" అని అడగండి. వెంటనే ప్రసారం ఆపాలి, విన్నదంతా రాసుకోవాలి, ఇంకెవరూ జవాబివ్వకపోతే తానే జవాబిచ్చి సహాయం అందే దాకా ఆ ఫ్రీక్వెన్సీని వదలకూడదు. తెలిసిన పిల్లలు టకటకా చెబుతారు. తెలియనివాళ్ళు దొరికిపోతారు. పరీక్షకు కావలసింది అదే కదా.

స్థాయి పడిపోతుందన్న బెంగ మన వ్యాపకానికి కొత్తేమీ కాదు. 2003 ప్రపంచ రేడియో సమావేశం 30 మెగాహెర్ట్జ్‌కు దిగువ బ్యాండ్లకు మోర్స్ పరీక్ష తప్పనిసరి అన్న నియమాన్ని ఎత్తేసినప్పుడు ఇక హామ్ రేడియో పని అయిపోయిందని ఎందరు అనలేదు? అమెరికా 2007లో ఆ పరీక్షను పూర్తిగా తీసేసింది. బ్యాండ్లు మూతపడలేదు, మోర్స్ కూడా చావలేదు. ఎవరూ బలవంతం చేయని ఈ రోజుల్లో ఇష్టపడి నేర్చుకునేవాళ్ళు నేర్చుకుంటూనే ఉన్నారు. అంతర్జాతీయ అమెచ్యూర్ రేడియో యూనియన్ నిర్వహించే వేగవంతమైన టెలిగ్రఫీ (మోర్స్) పోటీల్లో 16 ఏళ్ళ లోపువారికి ప్రత్యేక విభాగాలున్నాయి. ఆ పిల్లలు అందుకునే వేగం వింటే మనలో చాలామంది హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టేస్తాం.

ఇప్పుడు నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే అభ్యంతరానికి వస్తాను. పిల్లలు ముక్కూమొహం తెలియని పెద్దవాళ్ళతో మాట్లాడతారు. తల్లిదండ్రులకు ఈ భయం ఉండటం సహజం, దాన్ని కొట్టిపారేసే హామ్‌లంటే నాకు కోపం.

దీనికి సగం జవాబు మన నిబంధనల్లోనే ఉంది. అమెచ్యూర్ బ్యాండ్లలో గుట్టు ఉండకూడదు. దేశాల మధ్య జరిగే ప్రసారాలను అర్థం దాచే ఉద్దేశంతో సంకేతభాషలో పెట్టకూడదని 25వ ఆర్టికల్ చెబుతుంది. గోడలకు చెవులుంటాయంటారు, ఇక్కడైతే గోడలే లేవు. సంభాషణ నడుస్తున్నప్పుడు పక్క గదిలో తండ్రి, పక్క దేశంలో ఎవరో ముసలాయన, పర్యవేక్షణ కేంద్రంలో అధికారి, ఎవరైనా వినవచ్చు. ఎదుటి మనిషికి కాల్‌సైన్ ఉంటుంది, దాని వెనుక ప్రభుత్వం దగ్గర నమోదైన పేరు ఉంటుంది. పిల్లల చేతిలో ఇప్పటికే ఉన్న ఫోనులో పేరు, మొహం దాచుకున్నవాళ్ళు తాళం వేసిన గదుల్లో కబుర్లు చెప్పే వీలుంది. దానికి అనుమతిచ్చి రేడియోకు భయపడటం నాకు విడ్డూరంగా తోస్తుంది.

మిగతా సగానికి మాత్రం మన దగ్గర జవాబు లేదు, తయారుచేసుకోవాలి. కొన్ని దేశాల్లో లైసెన్సుదారుల పేరు, చిరునామా ఎవరైనా చూడగల జాబితాలో ఉంటాయి. కాల్‌సైన్ కొడితే ఇంటి తలుపు నంబరు బయటపడుతుంది. అమెరికా జాబితా అలాంటిదే. ఒక చిన్నపిల్ల రోజూ సాయంత్రం ఒకే వేళకు తన కాల్‌సైన్ చెబుతూ గాలిలోకి వస్తుంటే, వినేవారెవరైనా ఆమె ఇల్లెక్కడో తెలుసుకోవచ్చు. ఇది సరికాదు. పెద్దవాళ్ళకే ఇది ఇబ్బంది, పిల్లల విషయంలో ఒక్కరోజు కూడా సహించరానిది. మైనర్ల చిరునామాను బహిరంగ జాబితా నుంచి తీసేయడానికి కొత్త శాస్త్రమేదీ కనిపెట్టనక్కర్లేదు. ఇంటి చిరునామా అధికారుల దగ్గర ఉంటుంది, జాబితాలో క్లబ్బు చిరునామానో పోస్టు బాక్సో కనబడుతుంది. క్యూఎస్‌ఎల్ కార్డులు వాటిని చేరవేసే బ్యూరో ద్వారా ఎలాగూ వస్తాయి. వయసు గీతను సమర్థించే అధికారుల్లో ఎవరైనా ఈ చిన్న పనిని ముందు చేసి చూపించి ఉంటే, పిల్లల క్షేమం గురించి వాళ్ళు చెప్పే మాటలను నేను ఇంకొంచెం శ్రద్ధగా వినేవాణ్ని.

చట్టం ముందు మైనర్లను నిలబెట్టలేం కదా అన్న మాటకు ఎక్కువ సేపు ఆగను. దరఖాస్తు మీద సంరక్షకుల సంతకం తీసుకోండి. తప్పు చేస్తే లైసెన్సు రద్దు చేయండి. పిల్లలకు అంతకు మించిన శిక్ష ఉండదు.

క్లబ్బుల పెద్దలారా, ఇక మనలో మనం మాట్లాడుకుందాం. అధికారులు గీత చెరిపేసినంత మాత్రాన పిల్లలు గాలిలో నిలుస్తారనుకోవడం మన అమాయకత్వం. కొత్తగా కాల్‌సైన్ వచ్చిన పిల్లవాడు బిడియపడుతూ సీక్యూ (వింటున్నవారెవరైనా జవాబివ్వండి అనే పిలుపు) పిలుస్తాడు. మనం వింటూనే ఉంటాం. "ఎవరో పిల్లాడు, తర్వాత చూద్దాం" అని డయల్ తిప్పేసి, దూరదేశపు అరుదైన స్టేషన్ వెంట పడతాం. వాడు మూడునాలుగు సార్లు పిలిచి, రేడియో పాడైందేమోనని కేబుల్ ఊడదీసి మళ్ళీ పెడతాడు. పాడైంది రేడియో కాదు.

జవాబివ్వండి. నెమ్మదిగా మాట్లాడండి. ఫొనెటిక్ అక్షరాల్లో (ఆల్ఫా, బ్రావో లాంటివి) ఒకటి తడబడితే అక్కడే పాఠం మొదలుపెట్టకండి, మీ వంతు వచ్చినప్పుడు సరైన పద్ధతిలో పలికి చూపించండి చాలు. ఇంకొకటి: ముద్దుగా ఉందని అందరికీ ఇచ్చినట్టు 59 రిపోర్టు (స్పష్టతకు 5, బలానికి 9, రెండూ గరిష్ఠం) ఇచ్చేయకండి. వాడి సంకేతం 43 అయితే 43 అనే చెప్పండి. యాంటెన్నా ఎక్కడ కుదరలేదో వెతుక్కోవడానికి వాడికి ఆ అంకె కావాలి. మధ్యాహ్నం వినిపించిన 40 మీటర్ల స్టేషన్ చీకటి పడ్డాక ఎందుకు మాయమైంది, ఎక్కడో వేల కిలోమీటర్ల అవతలిది అప్పుడే ఎందుకు ఊడిపడింది అని అడిగితే, అయనావరణంలోని, అంటే రేడియో తరంగాలను ప్రభావితం చేసే పై వాతావరణంలోని, డి పొర పగలు ఏం చేస్తుందో, రాత్రి ఎఫ్ పొర ఏం చేస్తుందో చెప్పండి. మీకు తెలియకపోతే కలిసి చదవండి. పిల్లలతో ఇదొక చిక్కు, వాళ్ళు అడిగే ప్రశ్నలకు మనలో చాలామంది జవాబులు మరిచిపోయాం. పెదవి విరుపులో కొంత భాగం ఆ జంకే అని నా అనుమానం.

ఆడపిల్లలు వచ్చినప్పుడు గొంతు మీద, వయసు మీద చలోక్తులు విసిరే అలవాటు కొందరికి ఉంది. రిపీటర్ (సంకేతాన్ని అందుకుని తిరిగి ప్రసారం చేసే స్టేషన్) మీద అలాంటిది వినబడితే నవ్వి ఊరుకోకండి. అక్కడికక్కడే ఆపండి, కాల్‌సైన్‌తో సహా లాగ్‌లో రాయండి, క్లబ్బులో లేవనెత్తండి. పిల్లల క్షేమం పేరుతో పిల్లలను బయట ఉంచడం కన్నా ఇది కష్టమైన పనే, కాని మన చేతిలో ఉన్న పని.

అధికారులకు నా విన్నపం వరస ఇది. మైనర్ల చిరునామాలు దాచడం రేపే మొదలుపెట్టవచ్చు, దానికి వయసు గీత ఉన్నా లేకున్నా ఫరవా లేదు. ఆ వెంటనే ప్రశ్నపత్రం భాష సరిచేయడం, ఆచరణ పరీక్ష చేర్చడం. తక్కువ వాట్ల ప్రవేశ తరగతి లేని చోట ఒకటి ఏర్పాటు చేయడం. ఇవి జరిగాక వయసు గీతను అలాగే ఉంచాలని మీకు అనిపిస్తే, ఏ ప్రమాదాన్ని ఆపడానికి ఉంచుతున్నారో కారణంతో సహా రాసి ప్రకటించండి. ఆ కారణం చదివి, అంశాలవారీగా మళ్ళీ జవాబు రాయడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

73లతో (హామ్‌ల భాషలో శుభాకాంక్షలతో),

పిల్లలకు యాంటెన్నాలు కట్టడం నేర్పే ఒక హామ్